వడ్ల కొట్టు ఆటల గది అయిన వైనం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యం మీద, సంగీతం మీద మాటలాడగలవారు ఈ వేదిక మీద చాలామంది వున్నారు. మేము మెట్రిక్ దాకా చదివిన రైల్వే గుమాస్తాలము. గరుసు, సున్నం, నాపబండలు, ఖర్చు లెక్క, వీటి మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు గనుక ధైర్యం చేసి నిలబడ్డాము. దేశనూరులో మా ఇంటి కింద వూరికే పడివున్న వడ్ల కొట్టును ఒక దసరా బోనసుతో పిల్లల ఆటల గదిగా ఎట్లా మార్చామో మనవి చేస్తాము. మీలో చాలామంది ఇళ్ళలో అటువంటి గది ఒకటి వుండే వుంటుంది.

మన కుటుంబాలలో హెచ్చు భాగం తుంగభద్ర నీటి వెంట వచ్చినవే. డ్యాము 1953లో పూర్తి అయింది. ఆ ఏడే అక్టోబరు 1వ తేదీన మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలోను, మిగిలిన వాటిని మైసూరులోను కలిపారు. మా సిరుగుప్ప తాలూకా మైసూరు వైపు వచ్చింది. దిగువ కాలువ నీరు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు వచ్చి, ఇక్కడి నల్లరేగడి కొని, చదును చేసి, వరి నాటారు. క్యాంపులు వెలిశాయి. ఆనాడు మా తాతగారు ఇల్లు కట్టుకున్నప్పుడు మనుషులకు ఎంత చోటో వడ్లకూ అంత చోటు. పైన కాపురం, కింద కొట్టు. ఆ కొట్టుకు ఇటుక గోడలే గాని పూత లేదు, మట్టి నేలే గాని గచ్చు లేదు. వడ్లకు గచ్చు ఎందుకని అనుకుని వుంటారు.

ఇప్పుడు కోతమిషను పొలంలో దిగిందంటే వడ్లు ట్రాక్టరెక్కి తిన్నగా మిల్లుకు పోతాయి, ఇంటి ముఖం చూడవు. కొట్టు ఖాళీ అయింది. ఖాళీ అంటే నిజంగా ఖాళీ కాదు సుమండీ. విరిగిన మంచం, చిరిగిన గోతాలు, పాత స్ప్రేయరు, పురుగుమందు డబ్బాలు, అన్నీ అక్కడికే చేరాయి. పైగా వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా కొంత ఎత్తు పెరిగి, వీధితో సమంగా వుండిన గది జానెడు పల్లమైపోయింది.

అమెరికా, కెనడా దేశాలలో వున్న మన బంధువుల ఇళ్ళలో భూమి కింద పెద్ద గది వుంటుంది. చలి దేశం గనుక, మంచుకు నేల గడ్డకట్టే లోతును దాటి పునాది దించాలి. ఎట్లాగూ అంత తవ్వారు గదా అని కింద ఒక అంతస్తు కలుపుకుంటారు. డబ్బు చాలక దాన్ని సగంలో వదిలి, పిల్లలు పుట్టిన తరువాత మెల్లగా ఆటల గదిగా దిద్దుకునేవారు అక్కడ చాలామంది. మన నల్లరేగడిలో అట్లా తవ్వి కట్టడం తేలిక కాదు. తడిస్తే ఉబ్బే మట్టి, ఎండితే నెర్రెలు విచ్చే మట్టి. చుట్టూ నీరు నిలిచిన వరి చేలు. కాబట్టి మనకు ఆ కింది గది అంటే ఈ వడ్ల కొట్టే.

అసలు ఆటల గది ఎందుకు అని మీరు అడగవచ్చు. మా వూరికి రైలు లేదు. మేము బళ్ళారిలో వుద్యోగం చేసుకుంటూ సెలవు రోజున ఇల్లు చేరుతాము. మా పిల్లలిద్దరూ కన్నడ బడిలో చదువుతున్నారు. వారికి కన్నడం బాగా రావడం మాకు సంతోషమే. అన్నం పెట్టిన నేల భాష అది. కాని మేడ మీద మా అమ్మగారు ఒక మూల, సెల్‌ఫోనుతో పిల్లలు ఒక మూల. ఆమె తెలుగులో పది మాటలు అడిగితే వారు ఒక మాటతో సరిపెట్టేవారు. అన్నానికి రమ్మనడం, స్నానానికి పొమ్మనడం, ఇంతకు మించి తెలుగుతో వారికి పని లేకపోయింది. పని లేని భాష ఏ ఇంట్లోనూ నిలవదు. మందలిస్తే భాష రాదు. కలిసి కూర్చుంటే వస్తుంది. ముగ్గురూ కూర్చునే చోటు ఒకటి కావాలనిపించింది.

గదికి ముందు బొమ్మలు కొనరాదు. మొట్టమొదట విషం బయటికి పోవాలి. వడ్లలో పురుగు పడకుండా పెట్టే గ్యాసు మాత్రలు మీకు తెలుసు. వాటిలో వుండేది అల్యూమినియం ఫాస్ఫైడు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. అటువంటి మాత్రలు పెట్టిన గదిలోగాని, పక్క గదిలోగాని మనుషులు పడుకోకూడదు. మూలన పాత గొట్టం దొరికితే విప్పి చూడవద్దు, నీళ్ళు పోయవద్దు, చేత ముట్టవద్దు. తలుపులు బార్లా తెరిచి, పిల్లలను దూరం పంపి, హోబళిలోని రైత సంపర్క కేంద్రం వారిని అడిగి వారు చెప్పినట్లు చేయండి. పురుగుమందు డబ్బాలకు ఇంటి బయట తాళం వేసే పెట్టె ఒకటి పెట్టండి. ఖాళీ డబ్బాను కడిగి నీళ్ళకో నూనెకో వాడడం మన క్యాంపులలో ఇంకా అక్కడక్కడ వున్నది. అది మానవలసిన అలవాటు.

రెండవది నీరు. గది పొడిగా వున్నదా లేదా అన్నది వేసవిలో తెలియదు. కాలువ కట్టేసిన రోజులలో నల్లరేగడి ఎండి, ప్రతి గదీ పొడిగానే కనిపిస్తుంది. శ్రావణ భాద్రపదాలలో, కాలువ నిండుగా పారేటప్పుడు చూడాలి. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నేల మీద పరచి, నాలుగు అంచులూ గట్టిగా అంటించి, ఒక రోజు వుంచండి. కాగితం అడుగున చెమ్మ కడితే నీరు నేలలోనుంచి వస్తున్నట్టు. పైన తడిస్తే అది గాలిలోని తేమ. మొదటిదానికి నేల బాగు చేయాలి; రెండవదానికి గాలి ఆడేటట్టు చూడాలి. మా గదిలో చెమ్మ అడుగుననే కనిపించింది. అందువల్ల వానకాలంలో పరీక్ష, దసరాకు డబ్బు, చైత్రంలో పని, ఈ వరస పెట్టుకున్నాము.

రైల్వేలో మా వంటివారికి ఇచ్చే 78 రోజుల బోనసును నెలకు 7,000 రూపాయల లెక్కన కడతారు గనుక అది 17,951 రూపాయలు దాటదు. ఆ డబ్బు దాటి ఒక్క పైసా అప్పు చేయరాదని ఇంట్లో అందరం కలిసి నియమం పెట్టుకున్నాము. కొలిస్తే గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు.

నేలను అడుగు లోతు తవ్వి నల్లమట్టి తీసివేశాము. ఆ పని మేమూ మా తమ్ముడూ నాలుగు సెలవు రోజులలో చేశాము. పునాది వైపు మాత్రం తవ్వకుండా మేస్త్రీ గీసిన గీత దాటలేదు. అందులో గరుసు పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పైన ఇసుక, దాని మీద దళసరి ప్లాస్టిక్ కాగితం, ఆపైన బేతంచర్ల నాపబండలు పరిపించాము. నిగనిగలాడే టైల్సు కంటె బండలు చౌక. తడి కాలితో పరుగెత్తే పిల్లలు వాటి మీద అంత సులభంగా జారరు. వేసవిలో చల్లగానూ వుంటాయి. వీధి నీరు లోపలికి రాకుండా గడప ముందు ఇటుకలతో చిన్న కట్ట కట్టించాము.

గోడలకు సిమెంటు పూత పూయలేదు. ఇటుకల మధ్య దర్జులు మాత్రం నింపి, రెండుసార్లు సున్నం కొట్టాము. చెమ్మ గల గోడకు ఆయిలు పెయింటు వేస్తే లోపలి తేమ పోయే దారి లేక పొరలు పొరలుగా వూడుతుంది. సున్నమైతే గోడను ఆరనిస్తుంది, ఏటేటా ఇంటివారే వేసుకోవచ్చు. ఒక గోడకు పైన కిటికీ వుండేది. ఎదుటి గోడలో, పెరటి వైపు, మేస్త్రీ చూపించిన చోట ఇటుకలు తీయించి కింద ఒక గవాక్షం పెట్టించాము. చల్లగాలి కింద వస్తుంది, వేడిగాలి పైన పోతుంది. రెంటికీ సన్న జాలీ కొట్టించాము. వరి చేల మధ్య ఇళ్ళు మనవి. దోమలు వస్తాయి, ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. తలుపు కింది సందుకు రేకు బిగించడం అందుకే.

కరెంటు దగ్గర పిసినారితనం పనికిరాదు. తేమ వున్న గదిలో కరెంటు నేలకు కారితే వెంటనే ఆపివేసే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి వుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టమని చెప్పి, లైసెన్సు గల మనిషి చేతనే బిగించుకోండి. ఎర్తింగు సరిగా వున్నదో లేదో ఆయన చేతనే చూపించుకోండి. స్విచ్చులు పిల్లలకు అందని ఎత్తున వుండాలి. పైకప్పుకు పాత ఆస్బెస్టాసు సిమెంటు రేకులు గల కొట్లు కొన్ని వున్నవి. వాటికి రంధ్రాలు చేయడం, కోయడం, గీకడం వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఇక లెక్క వినండి. గరుసు, ఇసుక, వాటి బాడుగ 3,200 రూపాయలు. బండలు 120 చదరపు అడుగులకు 38 రూపాయల చొప్పున 4,560. సిమెంటు, ప్లాస్టిక్ కాగితం, పరిచిన కూలి 3,400. దర్జులు, సున్నం 1,900. కరెంటు పని 2,850. ఫ్యాను మాత్రం మేడమీది పాతది. జాలీలు, గవాక్షం, తలుపు రేకు 1,150. రెండు చాపలు, గవ్వలు, బంతి, నల్లరంగు డబ్బా 640. మొత్తం 17,700. మిగిలిన 251 రూపాయలకు బలపాలు, బొమ్మల పుస్తకాలు వచ్చినవి. ఈ లెక్కలో ఆట వస్తువులకు పడినది ఎంత స్వల్పమో గమనించండి. ఖర్చంతా నేలకు, గాలికి, వెలుతురుకు పోయింది. అట్లా పోవడమే న్యాయం. బొమ్మ విరిగితే ఇంకొకటి వస్తుంది. చెమ్మ నేల మీద కూర్చున్న పిల్లవాడి దగ్గు అంత సులభంగా పోదు.

బండలు పరిచే మేస్త్రీని అడిగి, నడిమి బండ మీద వులితో పులిజూదం గీయించాము. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరవై మూడు గళ్ళు. ఇదేమీ మా కొత్త ఆలోచన కాదు. హంపీ వెళ్ళినవారు మండపాల నేల బండల మీద ఇటువంటి ఆటల గీతలు చూసే వుంటారు. ఇంకొక బండ మీద అష్టాచెమ్మాకు ఐదు వరసలు, ఐదు నిలువులు గీశాడు. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మా, బోర్ల పడితే అష్టా అని మా పిల్లలకు చెప్పగలిగినది మా ఇంట్లో ఒక్క అమ్మగారే. ఆమెకు మోకాళ్ళ నొప్పి, నేల మీద కూర్చోలేరు. అందుకని విరిగిన మంచం కోళ్ళు కోసి, ఆమె ఎత్తుకు తగిన పీట చేయించాము. కొత్త గదిలో మొదట చోటు పడినది దానికే.

తరువాత జరిగినది చెబుతాము. పక్కింటి కన్నడ పిల్లలు వచ్చి అష్టాచెమ్మా చూసి, ఇది మా చౌకాబారా గదా అన్నారు. వామనగుంటల పలక చూసి అళగుళిమణె అన్నారు. పులిజూదాన్ని ఆడు-హులి ఆట అన్నారు. ఆట ఒకటే, పేర్లు రెండు. ఇప్పుడు మా పిల్లలు రెండు పేర్లూ చెబుతారు, ఆ పిల్లలూ చెబుతారు. పందెంలో పేచీ వస్తే తీర్పు మా అమ్మగారిదే. ఆ తీర్పు తెలుగులోనే వుంటుంది గనుక, గెలవవలసినవాడు తెలుగులోనే వాదించాలి.

ఒక గోడ మీద, పిల్లల ఎత్తున, నాలుగు అడుగుల మేర నల్లరంగు వేశాము. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుండి చీలినవి. కన్నడం చదివే పిల్లవాడికి తెలుగు అక్షరాలు కొత్త ముఖాలు కావు, దాయాదుల ముఖాలు. ఇంకొక మూల తీగ కట్టి దుప్పటి వేలాడదీస్తే తెర అయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు, బళ్ళారి రాఘవగారు తెలుగు నాటకానికి ప్రాణం పోసినది ఈ బళ్ళారిలోనే. 1946లో కన్నుమూసిన రాఘవగారి పేరు మా పిల్లలకు దుప్పటి తెర వెనకనే తెలిసింది.

ఆ గదిలోకి సెల్‌ఫోను రాదు. మాది కూడా రాదు. రేడియో వస్తుంది. గవ్వలు, చింతగింజలు పసివాళ్ళు నోట పెట్టుకోకుండా పై అలమరలో మూత డబ్బాలో వుంటాయి. శనివారం సాయంకాలం చిమ్మి తడిగుడ్డ పెట్టడం పిల్లల వంతు, ఏడాదికొకసారి సున్నం మా వంతు.

మీ ఇంట్లోని గది వడ్ల కొట్టు కావచ్చు, గొడ్ల సావిడి కావచ్చు, మెట్ల కింది చీకటి గది కావచ్చు. రేపే బండలు కొనమని మేము చెప్పము. ఇంటికి పోయి తలుపు తెరిచి, అందులో విషపు డబ్బాలు ఎన్ని వున్నవో లెక్కపెట్టి బయట పెట్టించండి. శ్రావణంలో మూరెడు ప్లాస్టిక్ కాగితం నేలకు అంటించి చూడండి. ఈలోగా మీ ఇంట్లో పెద్దావిడకు ఎన్ని ఆటలు వచ్చునో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఈ మూడింటికీ డబ్బు ఖర్చు లేదు.