గ్రంథకర్త సభయు, టిక్కెట్టు దొరకని బాలికయు



మన యూళ్లలో పురాణకాలక్షేపము జరుగునపుడు వ్రాసినవాడొకడు, చదువువాడు మరియొకడు. పోతనామాత్యుని భాగవతమును తరతరములుగా వినుచున్నాము గాని, ఆ మహాకవి కంఠమును విన్నవారెవ్వరును మనలో లేరు. గ్రంథము వ్రాసినవాడే సభలో నిలిచి తన గ్రంథమును తానే చదువునపుడు, దానిని వినుటకు ఎవరు రావలెను? పెద్దలు మాత్రమేనా, పిల్లలు కూడనా? ఇంగ్లండు దేశపు నవలాకారుడగు చార్లెస్ డికెన్సుగారి కథ ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

డికెన్సు 1812లో జన్మించెను. తండ్రి అప్పులపాలై చెరసాలకు పోయిన కాలమున, 12 ఏండ్ల బాలుడై యుండియు, బూట్లకు పూయు నల్లరంగును తయారుచేయు కర్మాగారములో కూలికి కుదిరెను. అందుచేతనే ఆయన నవలలలో దిక్కులేని బిడ్డలును, పేదల కష్టసుఖములును అంత సజీవముగా కానవచ్చును.

1853 డిసెంబరులో బర్మింగుహాము పట్టణమున ఒక విద్యాసంస్థ సహాయార్థము ఆయన తన కథలను చదివెను. అందొక సభను శ్రామికజనులకై ప్రత్యేకింపవలెననియు, రుసుము స్వల్పముగా నుండవలెననియు ఆయనయే కోరెను. రుసుము 6 పెన్నీలుగా నిర్ణయింపబడెను. డిసెంబరు 30వ తేదీ రాత్రి సుమారు 2,000 మంది కష్టజీవులు కూర్చుండి క్రిస్మసు కథను విని, నవ్వవలసినచోట నవ్వి, కంటతడి పెట్టవలసినచోట పెట్టిరి. ఆ సభ ఆయన మనస్సున గాఢముగా నాటుకొనెను.

1858 మొదలు పారితోషికము గైకొని ఊరూర చదువసాగెను. ఆ పఠనము మన హరిదాసుగారి కథవంటిదే. ముసలివాడు మాటలాడునపుడు ముసలి గొంతుక, బాలుడు మాటలాడునపుడు బాలుని గొంతుక. ఒక్క మనిషియే పాత్రలన్నియు తానైపోవును. గ్రంథములను సభకు తగినట్లు కుదించి, కంఠస్థము చేసి, ఎన్నియో మారులు అభ్యసించిన పిమ్మటనే వేదిక నెక్కెడివాడు.

1867 చివర ఆయన అమెరికాకు వెళ్లెను. అచ్చట టిక్కెట్టు వెల 2 డాలర్లు. వాటికొరకు జనులు చలిలో పరుపులు, కంబళ్లు తెచ్చుకొని రాత్రియెల్ల వీధిలో బారులు తీరిరి. దళారులు టిక్కెట్లను ముందుగా కొనివేసి, హెచ్చు ధరలకు అమ్ముకొనిరి. ఇట్టి చోట పేదయింటి పిల్లలకు ప్రవేశమెక్కడిది?

1868 మార్చి నెలాఖరున మెయిను రాష్ట్రములోని పోర్టులాండు పట్టణమున సభ జరిగెను. కేట్ స్మిత్ అను 11 ఏండ్ల బాలిక డికెన్సు నవలలను ఇంచుమించు అన్నియు చదివినది. కొన్నింటిని పలుమారులు చదివినది. తల్లి సభకు వెళ్లినది గాని, టిక్కెట్టు వెల అధికమగుటచే పిల్లను కొనిపోలేకపోయినది.

మరునాడు తల్లీకూతుళ్లు బోస్టనుకు పోవు రైలులోనే ఆ మహానుభావుడును ప్రయాణము చేయుచుండెను. ఆయన ప్రక్కనున్న మిత్రుడు లేచిపోవుట చూచి, బాలిక మెల్లగా వెళ్లి ఆ చోట కూర్చుండెను. ఆయన ఆశ్చర్యపడి, పిదప ఆదరముతో మాటలాడించెను. నీ పుస్తకములు నాకు ప్రాణమనియు, అందు విసుగు పుట్టించు భాగములను మాత్రము దాటివేయుదుననియు, చిన్నవానిని గాక పొడుగువానినే దాటివేయుదుననియు ఆ పిల్ల నిర్భయముగా చెప్పెను. డికెన్సు పకపక నవ్వి, అవి యేవియో చెప్పుమని పట్టుపట్టి యడిగెను. సభకు రావలెనని నీకంత కోరికగా నుండెనా యని ఆయన అడుగగా, బాలిక కన్నులు చెమ్మగిల్లెను.

ఆ బాలికయే పెరిగి పెద్దదై కేట్ డగ్లస్ విగ్గిన్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. 1878లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పేదల పసిబిడ్డలకై ఉచిత పాఠశాలను నడపెను. 1903లో ఆమె వ్రాసిన బాలికాకథ లోకమంతటను చదువబడెను. రైలులోని ఆ సంభాషణను 1912లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. అనగా, 44 సంవత్సరములు గడచినను ఆమె దానిని మరువలేదు.

పెద్దలారా, ఆలోచింపుడు. వేలకొలది జనులు చప్పట్లు కొట్టిరి. ఫలానా భాగము విసుగని చెప్పగల ధైర్యము మాత్రము ఒక పిల్లకే కలిగెను. చప్పట్లు గ్రంథకర్తకు సంతోషము నిచ్చును. కల్లకపటము లేని పాఠకుని మాట ఆయనకు బుద్ధి నిచ్చును. చూచిన మనిషి వ్రాసిన పుస్తకము పిల్లవానికి దూరపు వస్తువుగా నుండదు. ఇట్టి మనిషియే దీనిని వ్రాసినాడు, నేనును వ్రాయగలనేమో యను తలంపు అచ్చటనే మొలకెత్తును.

విజయవాడలో సాధారణముగా జనవరి మాసమున జరుగు పుస్తకమహోత్సవమునకు గాని, మరియొక సాహిత్యసభకు గాని మీరు వెళ్లునపుడు, ఇంటిలో పుస్తకము విడువని పిల్లయో పిల్లవాడో యున్నచో వెంట తీసికొని పొండు. వారు సందడి చేయుదురని వెనుక వరుసకు త్రోయకుడు. ప్రశ్న అడుగ లేచినచో చేయిపట్టి కూర్చుండబెట్టకుడు. సభ జరిపించు పెద్దలును ముందువరుసలలో కొన్ని చోట్లు పిల్లలకు ఉచితముగా విడిచిపెట్టవలెను. కేట్‌కు రైలు దొరికినది. అందరు పిల్లలకును అట్టి రైలు దొరకదు గదా!