ఎవరు, ఎవరిని? – ఇంగ్లీషు వాక్యంలో కర్మ

(సంస్థ వార్షిక సమావేశంలో సాయంకాల తరగతుల ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎంతమంది పిల్లలు చేరారు, ఎంతమంది పాసయ్యారు అన్న లెక్కలన్నీ కార్యదర్శిగారి నివేదికలో ఉన్నాయి. మేము వాటి జోలికి పోము. మీరిచ్చిన డబ్బుతో ఆ గదిలో సాయంత్రం పూట ఏం జరుగుతోందో ఒకే ఒక పాఠం పట్టుకుని చెప్తాము. ఇంగ్లీషులో ఆ పాఠం పేరు ఆబ్జెక్ట్. తెలుగు పంతులుగారు కర్మ అంటారు, ఉర్దూ ఉస్తాద్ మఫ్ఊల్ అంటారు. దాతల సభలో వ్యాకరణమేమిటని కొందరు నవ్వుతున్నారు. కాసేపు ఓపిక పట్టండి.

'రహీమ్ సలీమ్‌ని పిలిచాడు' అన్నామనుకోండి. పిలిచినవాడు రహీమ్, అతడు కర్త. ఆ పిలుపు ఎవరికి తగిలిందో ఆ సలీమ్ కర్మ. ఇప్పుడు మాటలు తారుమారు చేసి 'సలీమ్‌ని రహీమ్ పిలిచాడు' అనండి. ఏమీ మారలేదు. ఎందుకంటే సలీమ్ ఎక్కడ కూర్చున్నా 'ని' అనే చీటీ వాడి చొక్కాకే అంటుకుని ఉంది. మన ఇళ్ళలో మాట్లాడే దక్కనీలోనూ ఇంతే. 'సలీమ్‌కు రహీమ్ బులాయా' అన్నా, 'రహీమ్ సలీమ్‌కు బులాయా' అన్నా పిలిచింది రహీమే. పుస్తకాల ఉర్దూలో 'కో' అని రాస్తారు. మనం 'కు' అంటాం. తెలుగువారి 'నాకు', మన 'మేరేకు' రెండూ చివర ఒకే శబ్దంతో ముగుస్తాయి. లక్నో చుట్టాలు దీనికి నవ్వినా మనకు ఇబ్బందేమీ లేదు.

మదర్సాలో చదువుకున్న పెద్దలకు అరబ్బీ వ్యాకరణంలోని మొదటి ఉదాహరణ గుర్తుండే ఉంటుంది: 'జరబ జైదున్ అమ్రన్', అంటే జైద్ అమ్ర్‌ను కొట్టాడు. వందల ఏళ్ళుగా ప్రతి తరగతిలోనూ పాపం అమ్ర్ దెబ్బలు తింటూనే ఉన్నాడు. 'అమ్రన్' ముందుకొచ్చి 'జైదున్' వెనక్కి పోయినా దెబ్బలు అమ్ర్‌కే. చివరి 'ఉన్' కొట్టినవాణ్ణి, 'అన్' దెబ్బ తిన్నవాణ్ణి చూపిస్తాయి. అంటే మన పిల్లవాడు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, కొంత అరబ్బీ నేర్చినవాడైతే ఆ మూడింటిలోనూ చీటీ చూసి మనిషిని గుర్తుపట్టడం అలవాటైపోయినవాడు.

వాడే ఇంగ్లీషులోకి అడుగుపెట్టాడు. 'రహీమ్ కాల్డ్ సలీమ్'. చీటీ ఎవరి దగ్గరా లేదు. 'సలీమ్ కాల్డ్ రహీమ్' అంటే కథే తిరగబడింది. ఇంగ్లీషుకూ వెయ్యేళ్ళ కింద మనలాగే విభక్తులుండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక, తర్వాతి శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలు చాలావరకు అరిగిపోయాయి. చీటీ పోయాక స్థానమే మిగిలింది. క్రియకు ముందు కూర్చున్నవాడు చేసేవాడు, వెనక కూర్చున్నవాడు పడేవాడు. ఐ-మీ, హీ-హిమ్, షీ-హర్, వీ-అజ్, దే-దెమ్ లాంటి సర్వనామాల్లో పాత రోజుల ఆనవాలు కొంచెం మిగిలింది. అవి పిల్లలకు త్వరగానే వస్తాయి. కష్టమంతా పేర్లతోనే.

గైడు పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది. క్రియను 'వాట్' అనో 'హూమ్' అనో అడిగితే వచ్చే జవాబే ఆబ్జెక్ట్ అని. సూత్రం తప్పు కాదు. కానీ దాని కింద ఇచ్చే ఉదాహరణలన్నీ 'హీ ఈట్స్ ఎ మ్యాంగో' బాపతువి. మామిడిపండు మనిషిని తినదు కదా. మాటల్ని ఎలా కలిపేసి ఇచ్చినా పిల్లవాడు జవాబు చెప్పేస్తాడు, వాడికి మార్కు పడుతుంది, స్థానం సంగతి మాత్రం ఒంటబట్టదు. తెలుగులో కూడా ప్రాణం లేని వస్తువులకు చాలాసార్లు చీటీ అవసరం లేదు, 'పండు తిన్నాడు' అంటే చాలు. వాక్యంలో ఇద్దరు మనుషులున్నప్పుడే అసలు పరీక్ష. పైగా ఆ సూత్రం ఎవరో రాసిన వాక్యాన్ని చదవడానికి పనికొస్తుంది. సొంతంగా రాయబోయే పిల్లకు అర్థం ముందే తెలుసు, కాబట్టి అడగాల్సిన ప్రశ్నే ఉండదు. ఆమెకు కావలసింది ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది.

మా తరగతిలో తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళమ్మ ఒక కుట్టుపని దుకాణంలో పనిచేసేది. మూడు నెలలు జీతం అందలేదు. కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వడానికి ఆ అమ్మాయే ఇంగ్లీషులో అర్జీ రాసి, ఒకసారి చూడమని మాకు తెచ్చింది. తన మనసులో ఉన్న వాక్యం 'మా అమ్మకు ఓనరు మూడు నెలల జీతం ఇవ్వలేదు' అని. కాగితం మీద పడింది 'మై మదర్ డిడ్ నాట్ గివ్ త్రీ మంత్స్ శాలరీ ది ఓనర్'. వరుస అచ్చంగా తెలుగులోదే, 'కు' మాత్రం దారిలో జారిపోయింది. ఆ కాగితం చదివే అధికారికి ఏం కనిపిస్తుంది? అమ్మే జీతం ఎగ్గొట్టిన మనిషిలా కనిపిస్తుంది. స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు, చేతిరాత ముత్యాల్లా ఉంది. స్పెల్లింగు తప్పయితే చదివేవాడు సర్దుకుని చదువుకుంటాడు. ఈ తప్పు అలా కాదు, బాధితురాలిని దోషిని చేస్తుంది. 'ది ఓనర్ డిడ్ నాట్ గివ్ మై మదర్ త్రీ మంత్స్ శాలరీ' అని ఆ అమ్మాయి చేతనే మార్పించాము. అమ్మతోనే మొదలుపెట్టాలని ఉంటే 'మై మదర్ వాజ్ నాట్ గివెన్' అనవచ్చని కూడా చెప్పాము. యాక్టివ్, పాసివ్ అని పరీక్షల కోసం బట్టీ పట్టే ఆ పాఠం ఎందుకు పుట్టిందో ఆ రోజు క్లాసంతటికీ తెలిసింది. జీతం వచ్చిందా అని మీరడుగుతారు. రెండు నెలలది వచ్చింది.

ఇంకొకటి చూడండి. 'పుస్తకం తెచ్చావా?' అంటే 'తెచ్చాను' అంటాం. 'కితాబ్ లాయా?' అంటే 'లాయా'. ఏం తెచ్చామో మళ్ళీ చెప్పడం మన భాషల్లో అనవసరం, ఒక్కోసారి విసురుగా కూడా ఉంటుంది. ఇంగ్లీషు ఆ ఖాళీని ఒప్పుకోదు. 'డిడ్ యూ బ్రింగ్ ది బుక్?' అంటే 'ఎస్, ఐ బ్రాట్' అని ఆగిపోతే వినేవాడు మిగతా వాక్యం కోసం ఎదురుచూస్తుంటాడు. 'ఐ బ్రాట్ ఇట్' అనాలి. ఇంటర్వ్యూలో 'ఐ సబ్మిటెడ్', 'ఐ లైక్' అని మన కుర్రాళ్ళు ఆగినప్పుడు అవతలివాళ్ళ ముఖంలో కనిపించే ఆ చిన్న ఖాళీ ఇదే. ఒక్క 'ఇట్' కోసం మా గదిలో వారాల తరబడి కసరత్తు నడుస్తుంది.

'డిస్కస్డ్ అబౌట్' అని మన పిల్లలే కాదు, పెద్ద పెద్ద ఆఫీసర్లూ అంటారు. చిన్నప్పుడు వల్లించిన విభక్తుల పట్టిక గుర్తు తెచ్చుకోండి: నిన్, నున్, లన్, కూర్చి, గురించి – ద్వితీయా విభక్తి. 'గురించి' కూడా కర్మ చీటీల్లోనే ఉంది. మనం ఒక విషయం గురించి చర్చిస్తాం, 'ఉస్‌కే బారే మే' మాట్లాడుకుంటాం. పిల్లవాడు ఆ 'గురించి'ని జాగ్రత్తగా మూటగట్టి ఇంగ్లీషులోకి మోసుకొస్తాడు. 'డిస్కస్' పక్కన కర్మ నేరుగా కూర్చుంటుంది, దానికి చీటీ అక్కర్లేదు. 'టాక్' పక్కన మాత్రం 'అబౌట్' కావాలి. దీనికి కారణం అడిగితే ఏ టీచరూ చెప్పలేడు, ఒక్కో క్రియ అలవాటు ఒక్కో రకం. 'టెల్ మీ' సరే, 'ఎక్స్‌ప్లెయిన్ మీ' కుదరదు, 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ' అనాలి. ఇవి విని విని నోటికి ఎక్కాల్సిందే.

జ్వరం సంగతి మరీ విచిత్రం. మనకు జ్వరం వస్తుంది, ఆకలేస్తుంది, ఉర్దూలో 'ముఝే బుఖార్ హై', 'ముఝే భూఖ్ లగీ హై'. జ్వరమే పని చేస్తుంది, మనం పడుతుంటాం. ఇంగ్లీషువాడు 'ఐ హావ్ ఫీవర్' అని తాను కర్తగా కూర్చుని జ్వరాన్ని కర్మ చేసేస్తాడు. మన పిల్లలు 'ఫీవర్ కేమ్ టు మీ' అన్నప్పుడు వాళ్ళు బుద్ధి తక్కువ వాళ్ళేమీ కాదు, తమ భాష నియమాన్ని తూచా తప్పకుండా పాటిస్తున్నారు. సెలవు చీటీలో మాత్రం 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని గిర్రున రాసేస్తారు. అది బట్టీ. జ్వరం తమ్ముడికి వచ్చిందని రాయమంటే కలం ఆగిపోతుంది.

1957లో రాబర్ట్ లాడో అనే అమెరికన్ భాషావేత్త తన పుస్తకంలో ఈ సంగతే వాదించాడు. రెండు భాషల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో చాలావరకు ముందే తెలుస్తుందని. ఆయన చెప్పినంత కచ్చితంగా అన్ని చోట్లా కుదరదని తర్వాతివాళ్ళు తేల్చారు. బి.ఎడ్.లో మాకు రెండూ చెప్పారు. మా అనుభవంలో కర్మ విషయంలో మాత్రం ఆయన లెక్క చాలా దగ్గరగా ఉంది. అందుకే మేము పిల్లల తెలుగునూ దక్కనీనీ గది బయట వదిలి రమ్మనము. బోర్డు మీద మూడు భాషల్లో ఒకే వాక్యం రాస్తాము, 'కు'ను ఎర్ర చాక్‌పీసుతో దిద్దుతాము, ఇంగ్లీషు వాక్యం దగ్గరికొచ్చేసరికి ఎర్ర చాక్‌పీసు పక్కన పెట్టేస్తాము. పిల్లలకు అక్కడే తెలిసిపోతుంది.

మన ఊరికి ఇంగ్లీషు కొత్తదేమీ కాదు. 1806లో సికందర్ జా పేరు మీద ఈ ఊరు ఏర్పడినప్పుడే కంటోన్మెంటుతో పాటు ఆ భాష వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ఇంగ్లీషు బోధన కోసం 1958లో నెలకొల్పిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, మన పక్కనే తార్నాకలో ఉంది. అయినా మెట్టుగూడలోనో చిలకలగూడలోనో ఉండే మన పిల్లకు 'ఇట్' ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు దొరకడం కష్టంగానే ఉంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులన్నింటిలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు, మంచి పని. ఇప్పుడు సైన్సూ సోషలూ కూడా ఇంగ్లీషు వాక్యాల్లోనే రాయాలి. ఏది దేన్ని కరిగించిందో, ఎవరు ఎవరిని ఓడించారో తారుమారైతే ఆ సబ్జెక్టులోనే మార్కులు పోతాయి. 1918లో మొదలైన ఉస్మానియాలో మన తాతలు డాక్టరీ, ఇంజనీరింగు ఉర్దూలో చదువుకున్నారు, ఇంగ్లీషును విడిగా తప్పనిసరి పాఠంగా నేర్చుకున్నారు. బుర్రనూ భాషనూ వాళ్ళు వేరు వేరుగా లెక్కపెట్టారు. ఇవాళ రెండింటినీ ఒకే మార్కుల్లో కలిపేస్తున్నాం.

దాతలకు మా విన్నపం ఒక్కటే. బ్యాగులు, నోటుబుక్కులు, నిఘంటువులు ఈ మూడేళ్ళకు సరిపడా ఉన్నాయి, బీరువా తలుపు మూసుకోవడం లేదు. ఈ ఏడాది ఆ డబ్బును ఇంకో టీచరమ్మ జీతానికి మార్చండి. ఒక గదిలో నలభై మంది ఉంటే ఒక్కొక్కరికి నోరు తెరిచే వంతు రెండు నిమిషాలైనా రాదు. ఇరవై మంది ఉంటే వస్తుంది. కర్మ పాఠం రాతకంటే ముందు నోటి పాఠం.

రెండోది డబ్బుతో పనిలేనిది. మీలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఒక సాయంత్రం అసర్ నమాజు తర్వాత మా గదికి రండి. పేరేమిటి, ఏ క్లాసు అని అడిగి తల నిమిరి వెళ్ళిపోకండి, వాటికి జవాబులు వాళ్ళకు నిద్రలో కూడా వచ్చు. 'వేర్ డిడ్ యూ కీప్ యువర్ బ్యాగ్?' అని అడగండి. 'ఐ కెప్ట్ అండర్ ది బెంచ్' అంటారు. మీరు దిద్దవద్దు, తల ఊపవద్దు, ముఖంలోకి చూస్తూ ఊరికే నిలబడండి. కాసేపటికి వాళ్ళే 'ఐ కెప్ట్ ఇట్' అంటారు.