పాలగుండ

పసుపు అనగానే పచ్చని రంగు మన మనస్సులో మెదలుతుంది. కాని ఆ కుటుంబములోనే తెల్లని పిండినిచ్చే దుంప ఒకటి ఉన్నది, అదే పాలగుండ. శాస్త్రజ్ఞులు దానిని కుర్కుమా అంగుస్టిఫోలియా అంటారు. బజారులో ఆరారూటు పేర అమ్మేదంతా ఇది కాదు. అమెరికా ఖండపు మరాంటా దుంప పిండికీ ఆ పేరే చెల్లుతున్నది.

శ్రీకాకుళం, విజయనగరం ఎగువ కొండలలో - 2022 నుండి వీటిలో పెక్కు పార్వతీపురం మన్యం జిల్లాలోనివి - ఆకు ఎండిన పిమ్మట గిరిజనులు ఈ దుంపలను త్రవ్వుతారు. చెక్కు తీసి, బండమీద అరగదీసి, నీటిలో కలిపి గుడ్డతో వడకడతారు. అడుగున తెల్లని పిండి పేరుతుంది. పైతేట వంచి, కొత్తనీరు పోసి, చేదు విరిగేవరకు ఎన్నిసార్లైనా కడగవలసినదే. ఓపిక లేనివారి పాలగుండ నోట పెట్టగానే తెలిసిపోతుంది!

వేసవిలో పాలతోనో మజ్జిగతోనో కాచిన జావను ఒంటివేడికి, మూత్రపు మంటకు, విరేచనాలకు నాటువైద్యులు పథ్యముగా ఇస్తారు. నీరసించినవారికి అది తేలికైన ఆహారమే.

అయితే విరేచనాలలో బిడ్డ ప్రాణము తీసేది ఒంటిలోని నీరు, ఉప్పు పోవడము. జావ ఒక్కటే ఆ నష్టాన్ని పూడ్చలేదు. ముందు ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై చెప్పినంత శుభ్రమైన నీటిలో కలిపి మాటిమాటికీ పట్టాలి. ఆరు నెలలు నిండని పసికందుకు తల్లిపాలు మానరాదు, పాలగుండ పట్టరాదు. కన్నులు లోతుకు పోయినా, మూత్రము ఆగినా, నెత్తురు పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పొట్లాల కోసం ఊరిలోని ఆశా కార్యకర్తను అడగండి, వెల ఇవ్వనక్కరలేదు.