ఇంటి సామాను సరుకు కాదు

మన ఊరి బడి మాస్టారి పేరిట పెట్టిన ఈ వేదిక మీద ఇదివరకు మాట్లాడినవారు పల్నాటి వీరుల గురించి చెప్పారు, నాగులేటి గురించి చెప్పారు, మిర్చి ధరల గురించి చెప్పారు. నేను సామాను గురించి చెబుదామని వచ్చాను. ఊరు వదిలి నదులూ సముద్రాలూ దాటే మనిషి వెంట పోయే మంచం, రోలు, పుస్తకాలు, మెడలో గొలుసు, వాటి మీద రాజులూ దొరలూ ప్రభుత్వాలూ అడిగిన సుంకం, ఇదీ నా విషయం. మాస్టారు బతికుంటే ముందు వరసలో కూర్చుని వినేవారు. బడి వదిలాక అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్లకు పాస్‌పోర్టు దరఖాస్తులు, విదేశాలకు పోయే పిల్లల సామాను పట్టీలు రాసిపెట్టింది ఆయనే. ప్రతి వస్తువు పక్కనా వాడినదా, కొత్తదా అని అడిగి మరీ రాసేవారు. అంత పట్టుబట్టి ఎందుకు అడిగేవారో ఈ చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

మన ప్రాంతంలో ఈ కథ ఎత్తుకోవాలంటే మోటుపల్లి నుంచే ఎత్తుకోవాలి. చీరాల దాటి చినగంజాం వైపు పోతే సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె అది. ఒకప్పుడు కాకతీయుల ఓడరేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి ముందరి మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45. అందులో చక్రవర్తి చెప్పిన సంగతి ఇది: గాలివానకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో ఏముంటే అది, బంగారమైనా ఏనుగులైనా గుర్రాలైనా రత్నాలైనా, పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని అంత సాహసానికి ఒడిగట్టి వచ్చినవాళ్ల మీద మేము దయతలచి, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఎగుమతికీ దిగుమతికీ ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. ఆ పైన చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టుదారం, మిరియాలు, ఇలా పేరుపేరునా సుంకాలు చెక్కించాడు.

ఆ జాబితా చదివిన ప్రతిసారీ నాకు తట్టే సంగతి ఒకటుంది. అందులో ఉన్నదంతా అమ్మకానికి వచ్చిన సరుకే. ఓడవాడి పడకా, వంటపాత్రా అందులో లేవు. దీన్నిబట్టి ఆనాడు ఇంటి సామాను మీద సుంకమే లేదని తేల్చేయడం తొందరపాటవుతుంది. కానీ ఎంత తీసుకుంటామో రాతి మీద చెక్కి, అంతకు మించి ముట్టుకోమని రాజు తనకు తానే హద్దు గీసుకోవడం చిన్న విషయం కాదు. 1358లో అదే రేవులో కొండవీటి అనపోతారెడ్డి ఇంకో శాసనం వేయించాడు. అక్కడ కాపురం పెట్టిన వర్తకులు వెళ్లిపోదలిస్తే ఎప్పుడైనా వెళ్లిపోవచ్చన్నాడు. కొడుకులు లేకుండా పోయినవాడి ఆస్తిని రాజు కలుపుకునే అపుత్రిక దండాన్ని ఎత్తేశాడు. మనిషినీ, మనిషి వెంట ఉన్నదాన్నీ నిలబెట్టకుండా పోనివ్వడం పాలకుడి ధర్మమని మన నేల మీద అంత పాతకాలంలోనే రాసుకున్నారు.

ఇక మన పల్నాటి గడప దగ్గరికి వద్దాం. ఇక్కడి నుంచి పొందుగల పోయి కృష్ణ దాటితే అవతల వాడపల్లి, మూసీ వచ్చి కలిసే చోటు. ఇవాళ బస్సులో పది నిమిషాలు కునుకు తీస్తే దాటిపోయే ఆ నది ఒకప్పుడు రెండు రాజ్యాల మధ్య పొలిమేర. 1801లో పల్నాడు ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చింది. అవతలి గట్టు నిజాముది. ఇక్కడ కల్దారు రూపాయి, అక్కడ హాలీ సిక్కా. 1802లో కుంపిణీకీ నిజాముకీ కుదిరిన వర్తక ఒప్పందంలో సరుకుల మీద నూటికి అయిదు చొప్పున సుంకం ఖాయం చేశారు. దాన్ని వసూలు చేసే నిజాం శాఖ పేరు కరోడ్‌గిరి. మన వైపు మద్రాసు ప్రెసిడెన్సీలో దారి పొడుగునా ఉండే లోపలి సుంకాల చౌకీలను 1844 చట్టం ఎత్తేసినా, పరాయి రాజ్యపు సరిహద్దు సుంకం మాత్రం మిగిలింది. చినగంజాం వైపు ఉప్పు కొటార్ల నుంచి ఎద్దుల మీద పెరికెలు వేసుకుని దక్కను లోపలికి పోయిన లంబాడీల తాతముత్తాతలకు ఈ చౌకీల సంగతి మనకంటే బాగా తెలుసు.

ఈ సరిహద్దు నిన్నమొన్నటిదాకా ఉందని మన పిల్లలకు తెలియదు. 1948లో హైదరాబాదు రాజ్యం పోయింది కదా, సుంకం కూడా అప్పుడే పోయిందనుకుంటారు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 306వ అధికరణం అని ఒకటుండేది. పాత సంస్థానాల నుంచి ఏర్పడ్డ రాష్ట్రాలు కేంద్రంతో ఒప్పందం మీద తమ సరిహద్దు సుంకాలను పదేళ్లకు మించకుండా కొనసాగించుకోవచ్చని అది చెప్పింది. ఏడో సవరణ దాన్ని తీసేసింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన రోజు 1956 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ అదే రోజు. అవతలి గట్టున అల్లుడు, ఇవతలి గట్టున మామ ఉన్న ఇళ్లకు ఈ తేదీ రాజకీయం మాత్రమే కాదు. సారె బండి ఇక ఏ రాజ్యం గడపా దాటనక్కర్లేని రోజు అది.

సముద్రం సంగతికొస్తే, మన పల్నాడు నుంచి పాతరోజుల్లో ఓడెక్కినవాళ్లు తక్కువ. ఎక్కింది గోదావరి, విశాఖ, శ్రీకాకుళం వైపువాళ్లు. కాకినాడలోనూ విశాఖలోనూ స్టీమరెక్కి రంగూను బియ్యం మిల్లులకూ, రేవు పనులకూ పోయారు. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి మద్రాసు పోయినట్టే రంగూను పోయేవారు. తర్వాత అది వేరే దేశమైంది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చినవాళ్ల దగ్గర సుంకం వేయడానికి సామానే మిగల్లేదు. 1964లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మిగిలినవాళ్లు ఓడల్లో తిరిగొచ్చారు. ఇల్లు, అంగడి, డబ్బు అన్నీ అక్కడే వదిలేసి రావలసి వచ్చింది. రేవులో ఒంటి మీది నగలు కూడా ఒలిచి ఇచ్చామని ఆ తరం ఆడవాళ్లు చెప్పుకున్నారు. వాళ్లలో కొందరు కాపురం పెట్టిన చోటు విశాఖలో నేటికీ బర్మా క్యాంపే. అంతకు ఏడు వందల ఏళ్ల ముందే గణపతిదేవుడు తప్పని రాతి మీద చెక్కించిన పని ఇరవయ్యో శతాబ్దంలో ఒక ప్రభుత్వం యూనిఫాం వేసుకుని చేసింది. నాకు ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం చేతకాదు.

అమెరికా దారి తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. 1946లో పెట్టిన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు ఆ తర్వాత వరసగా వెళ్లారు. విదేశీ మారకద్రవ్యం కరువు రోజులవి. జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని ఆ తరం ఇప్పటికీ చెబుతుంది. డబ్బు తీసుకుపోయే వీలు లేదు గనుక కుక్కరు, ఇడ్లీ రేకులు, పచ్చడి జాడీ, పుస్తకాలు పట్టుకుపోయారు. ఇంటి సామానే వాళ్ల పెట్టుబడి.

ఇప్పుడు మన వీధిలో నుంచి కూడా సీ కార్గోలో సామాను పోతోంది. గుంటూరు దగ్గర మర్రిపాలెంలో లోతట్టు కంటైనర్ డిపో ఉంది. మిరపా, పొగాకూ ఓడెక్కే ముందు చేసే తతంగమంతా ఇటువంటి చోట్ల జరుగుతుంది. ఇంటి సామానుది వేరే లెక్క. అమెరికా చట్టం ప్రకారం కుటుంబం విదేశంలో కనీసం ఏడాది వాడుకున్న ఇంటి వస్తువులకు, అంటే మంచాలు, తివాచీలు, పుస్తకాలు, గిన్నెలు, దుప్పట్లకు, సుంకం లేదు. అమ్మకానికి గానీ, వేరేవాళ్ల కోసం గానీ తేకూడదు. 3299 నంబరు ఫారం నింపి, ప్యాకింగ్ లిస్టు జత చేయాలి. వాడినదా, కొత్తదా అని మాస్టారు అడిగిన ప్రశ్నే అక్కడ కస్టమ్స్ అధికారి అడిగే మొదటి ప్రశ్న.

ఈ మధ్య మా బంధువుల ఇంట్లో అమ్మాయి డల్లాస్‌లో కాపురానికి రోలు పంపించడం దగ్గరుండి చూశాను. మూడు తరాలు నూరిన నల్లరోలు, అంచు ఒకవైపు అరిగి ఉంది. పెరట్లో పడేసి నీళ్లు పోసి కొబ్బరిపీచుతో, ఆ తర్వాత ఇనుప బ్రష్షుతో రుద్దారు. అడుగున నేలలో దిగబడి ఉండే భాగానికి పేరుకున్న మట్టిని పుల్లతో గీకి తీశారు. పరాయి మట్టిని ఆ దేశం రానివ్వదు, అందులో పురుగూ తెగులూ ఉంటాయని భయం. పత్తికీ మిరపకూ తెగులు పడితే ఏమవుతుందో చూసిన మనకు ఆ భయం అర్థం కానిది కాదు. రోలును ఎండలో ఆరబెట్టి గోనెలో చుట్టారు. వడ్రంగి మామిడిచెక్కతో పెట్టె బిగించాడు. కార్గో ఏజెంటు వచ్చి ఆ పెట్టె పనికిరాదన్నాడు. విదేశాలకు పోయే చెక్కపెట్టెను లోపలిదాకా 56 డిగ్రీల వేడి ఎక్కేలా 30 నిమిషాలు కాచి, గోధుమకంకి బొమ్మ ఉన్న ముద్ర వేయాలి. చివరకు ముద్ర ఉన్న పెట్టె తెప్పించారు. లిస్టులో ‘రాతి రోలు, వాడినది, 1’ అని రాశారు. దాని మీద సుంకం పడలేదు. ఆ ఇంటావిడ పెరటి కరివేపాకు మొక్క కూడా పంపుదామంది. పచ్చి కరివేపాకు అమెరికాకు నిషేధం, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. వద్దని చెప్పాం.

తిరిగి వచ్చేటప్పటి కథ ఇంకా చిక్కు. మన 1962 కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం సామానులో ఏముందో సొంతదారే చెప్పాలి. నిజమైన వాడుక సామానును సుంకం లేకుండా వదలమని 79వ సెక్షన్ చెబుతుంది. 2026 మొదలుదాకా అమల్లో ఉన్న 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం రెండేళ్లు బయట ఉండి కాపురం ఎత్తేసి వచ్చేవారికి 5 లక్షల రూపాయల దాకా ఇంటి సామానుకు మినహాయింపు ఉండేది. అయితే ఆ రెండేళ్లలో సెలవులకు వచ్చిపోయిన రోజులు మొత్తం ఆరు నెలలు మించకూడదనే షరతు ఉండేది. విడిగా వచ్చే సామానును మనం దిగిన నెలలోపు అక్కడ ఓడెక్కించాలి. చదునైన టీవీకి మామూలు ప్రయాణికుడికి 2013 ఆగస్టు నుంచే మినహాయింపు పోయింది. 35 శాతం సుంకం, దాని మీద 10 శాతం సర్‌ఛార్జి, వెరసి 38.5 శాతం కట్టవలసి వచ్చింది. ఈ అంకెలు మారుతూ ఉంటాయి, బయల్దేరే ముందు కొత్తవి చూసుకోవాలి. సుంకం కంటే మనవాళ్లను ముంచేది డెమరేజ్. పట్టీలో ఒక వస్తువు తప్పితే పెట్టె రేవులో ఆగుతుంది, ఆగిన ప్రతి రోజుకూ అద్దె పెరుగుతుంది.

నగల సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే, అవే నగలు తిరిగి తెచ్చుకున్నప్పుడు పేచీ ఉండదు. పెళ్లి హడావుడిలో ఈ పని చేసినవాళ్లు అరుదు. సొంత నగలు వ్యక్తిగత సామాను కిందికి వస్తాయనీ, ఖరీదు ఎక్కువైనంత మాత్రాన దొంగరవాణా కాదనీ ఒక విదేశీ నివాసి కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మనకు అండే గానీ, తీర్పు దాకా పోవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

2025లో జరిగింది మీ అందరికీ తగిలిన దెబ్బ. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు అమెరికాలో ఉన్న మినహాయింపు ఆగస్టు 29న పోయింది. అంతకు ముందే, ఆగస్టు 25 నుంచి, మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపింది. 100 డాలర్ల లోపు కానుకలను మొదట వదిలారు, తర్వాత అవీ ఆగాయి. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టినప్పుడు చెప్పిన విలువ మీద 50 శాతం సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకున్నారు. గోంగూర పచ్చడి, కారప్పొడి, మనవడికి అరిసెలు, వీటి మీద సగానికి సగం సుంకం పడింది. పిల్లలు వాడుకున్న రోలుకు సుంకం లేదు, అదే రోట్లో తల్లి నూరి పంపిన కారానికి పడింది. ఎందుకంటే చట్టం కంటికి రోలు కాపురం, కారం దిగుమతి. సరుకునూ సంసారాన్నీ విడదీయడం చట్టానికి తెలుసు, అందుకు ఋజువు మన చేతిలోనే ఉంది. తల్లి చేతి కానుకను ఏ వైపు పెట్టాలో మాత్రం అది ఇంకా నేర్చుకోలేదు. నేర్చుకోవాలని అడిగే హక్కు మనకుంది.

చివరగా రెండు మనవులు. బ్యాగేజీ నిబంధనలు తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా, ప్రతి తపాలా కార్యాలయంలోనూ గోడకు పెట్టమని ఈ సభ తరఫున కేంద్ర ప్రభుత్వానికి ఉత్తరం రాయాలి. గణపతిదేవుడు తన సుంకాల పట్టీని సంస్కృతంతోపాటు తెలుగులోనూ చెక్కించాడు. రెండోది మీకు. మీ ఇళ్లల్లో పాత స్టీమరు టిక్కెట్లు, కరోడ్‌గిరి రసీదులు, మాస్టారి చేతిరాతలో ఉన్న సామాను పట్టీలు ఉంటే పారేయకండి. నకలు తీయించి మన గ్రంథాలయానికి ఇవ్వండి. లైబ్రేరియన్ వచ్చే ఆదివారం నుంచి తీసుకుంటారు.