వినడం తెలిసిన పంతులుగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఈ శుభసమయాన ఒక ఉపాధ్యాయుని స్మరించవలసిందని మీరు నన్ను ఆజ్ఞాపించారు. చీపురుపల్లిలో నిలిచి ఆ మాట తలచుకోగానే నా మనస్సున మెదిలిన పేరు ఒక్కటే. మన ఊరికి ఒక వైపున ఆయన చదువుకున్న విజయనగరం ఉన్నది. మరొక వైపున ఆయన జన్మించిన వంశధారా తీరం ఉన్నది. వారే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా వారిని ఎరుగనివారు లేరు. ఆ ఉద్యమానికి మూలమైన గుణమొకటి వారిలో ఉన్నది. నేడు దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ప్రకృతి పరిశీలకుడు చెట్టు క్రింద కూర్చుండి పక్షి కూతను ఆలకిస్తాడు. అది ఎట్లా కూస్తే అట్లాగే వ్రాసుకుంటాడు. ఇట్లా కూయవలెనని పక్షికి పాఠం చెప్పడు. ఈ ఓర్పు మన ప్రాంతానికి కొత్త కాదు. 1780 దశకంలో విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడి పాములను సేకరించి, వాటికి మనవారు పెట్టుకున్న తెలుగు పేర్లను కూడా శ్రద్ధగా వ్రాసుకొని, 1796లో గ్రంథం వెలువరించాడు. కట్లపాముల జాతికి జంతుశాస్త్రంలో నేటికీ నిలిచి ఉన్న ‘బంగారస్’ అనే పేరు మన ‘బంగారు’ అనే మాట నుండి వచ్చినదే. పామరుల నోటి మాటను విలువైనదిగా ఎంచి వినడం వల్లనే గదా అది ప్రపంచ శాస్త్రంలోకి ఎక్కినది! రస్సెల్ పాముల విషయంలో చూపిన ఓర్పును పంతులుగారు మనుష్యుల మాటల విషయంలో చూపారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరం చేరి మహారాజావారి పాఠశాలలో చదివారు. అక్కడ గురజాడ అప్పారావుగారు వారి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. అప్పటికి వారికి ఇంచుమించు పదిహేడేండ్లు. చరిత్ర బోధించడం వారి ఉద్యోగం. జీతానికి తగిన పని అంతటితో తీరిపోయేది.

అయితే పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు ఉన్నారు. వారి మాట ఊరివారికి తెలియదు. ఊరివారి మాట వారికి తెలియదు. తెలియని మాటను నవ్వులాటగా తీసుకోవడం లోకసహజం. పంతులుగారు మాత్రం ఆ భాష తెలిసిన ఒక మనిషిని ఇంట ఉంచుకొని, ఏండ్ల తరబడి శ్రమించి నేర్చుకున్నారు. అది తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. సంతాలీ, ముండారీలతో కూడిన ముండా కుటుంబంలోనిది. మన అక్షరాలకు లొంగని ధ్వనులు అందులో ఉన్నాయి. కర్మపదాన్ని క్రియలోనే ఇముడ్చుకొనే వింత నడక ఉన్నది. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. మనుష్యుల నోరే పుస్తకం.

నేర్చుకున్న విద్యను వారు దాచుకోలేదు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు వ్రాశారు; కథలు, పాటలు సేకరించారు; తమ సొమ్ము వెచ్చించి బడులు నడిపారు. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, ఆ ధనంతో సవరలకు బడి పెట్టించమని కోరారట. తల్లి నోట విన్న మాటతో చదువు మొదలు కావలెనని నేడు విద్యావేత్తలందరూ అంటున్నారు. ఆ పనిని ఒక బడిపంతులు మన కొండల అంచున నూరేండ్లకు పూర్వమే చేసి చూపాడు.

దీనికి వారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొండజ్వరం తగిలి, దానికై పుచ్చుకున్న క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఇతరుల మాట వినడానికి వెళ్లినవానికి తన చెవులే కరవైనాయి! అయినా పని ఆగలేదు. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినాయి. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు.

ఆ చెవితోనే వారు తెలుగును విన్నారు. బడిలో పిల్లవాడు ఇంట మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో వల్లించే తెలుగు వేరు. శిష్టజనులు నిత్యం పలికే భాషలో వ్రాస్తే విద్య సులభమవుతుందని వారు వాదించారు. కేవలం వాదంతో ఊరుకోక, పూర్వ కవుల గ్రంథాలు తిరగవేసి, శాసనాలు చదివి, ప్రయోగాలు చూపారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించారు. పండితుల పరిహాసాన్ని సహించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. వారి జన్మదినాన్ని మనం తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాము.

మహాజనులారా! దండ వేసి చేతులు దులుపుకోవడం సులభం. కాని వారు చూపిన శ్రద్ధ మన వంతుకు రావద్దా? మన జిల్లాల మాట నాలుకల మీద నుండి జారిపోతున్నది. వరిచేలలోని కలుపుమొక్కల పేర్లు, చెరువులోని చేపల పేర్లు, నాగలి భాగాల పేర్లు మన తాతలకు తెలుసు. మన మనుమలకు తెలియవు. ఏటేటా తేలినీలాపురం వచ్చి గూళ్లు కట్టే గూడబాతులను చూడడానికి ఎందరో వెళతారు. అక్కడి ముసలమ్మ వాటిని ఏమని పిలుస్తుందో అడిగి వ్రాసుకునేవారు ఎందరు?

కావున నాదొక చిన్న విన్నపం. ఈ రజతోత్సవ సంవత్సరంలో మన గ్రంథాలయపు బల్ల మీద ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంచండి. ప్రతి చందాదారుడు తన ఇంటి పెద్దలను అడిగి, వారానికొక మాట తెచ్చి, దాని అర్థంతోను, చెప్పినవారి ఊరితోను అందులో వ్రాయాలి. సరిదిద్దవద్దు, విన్నట్లే వ్రాయండి. చదువురాని అవ్వ చెప్పిన మాట కూడ ఈ బీరువాలోని గ్రంథాల సరసన కూర్చుంటుంది. పంతులుగారికి మనం చెల్లించగల గురుదక్షిణ అది.