హ్రస్వదృష్టికి గ్రంథములే కారణమా?



దూరమున నున్న వస్తువు పిల్లవానికి మసకగా కనబడుచున్నదని తెలిసినంతనే ఇంటి పెద్దలు చేయు మొదటి పని చేతిలోని పుస్తకము లాగికొనుట. రెండవది కళ్లజోడును వాయిదా వేయుట. జోడు పెట్టినచో చూపు మరింత దిగునని వారి భయము. ఆడపిల్ల యైనచో ఒక్కొక్క యింట చదువే మాన్పింతురు. ఇన్ని శిక్షలు విధించుటకు ముందు నేరము రుజువైనదా యని విచారించుట న్యాయము.

హ్రస్వదృష్టి యనగా చాలవరకు కనుగ్రుడ్డు ముందువెనుకలుగా మితిమీరి పొడవగుటయే. పెద్దవారి కనుగ్రుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు పెరిగినను దూరపు బింబము నేత్రపటలమునకు ముందే ఏర్పడి చూపు చెదరును. నలువది దాటినవారి చత్వారము వేరు. దానిని ఇందు కలుపరాదు.

పుస్తకముపై అభియోగము పాతదే. 1813లో జేమ్స్ వేర్ అను ఆంగ్ల నేత్రవైద్యుడు, సుమారు పదివేల మంది సైనికులలో ఈ దోషము గలవారు ఆర్గురైనను లేరనియు, ఆక్స్‌ఫర్డునందలి ఒక కళాశాలలో 127 మందికి 32 మంది అద్దములు వాడుచుండిరనియు ప్రకటించెను. 1867లో హెర్మన్ కోన్ బ్రెస్లౌ ప్రాంతమున 10,060 మంది పిల్లలను పరీక్షించి, తరగతితో పాటు దోషమును పెరుగుచున్నదని చూపెను. లోకము తీర్పు ముగిసినదనుకొనెను. కాని సైనికుడు ఎండలో నుండెను, విద్యార్థి గదిలో నుండెను. ఈ భేదమును ప్రత్యేకముగ పద్దు వ్రాసినవారు అరుదు.

పిమ్మట వంశమును నిందించిరి. నాడు బారో అనబడిన అలాస్కా గ్రామమున జరిగిన పరిశోధన 1969లో వెలువడినది. తాతల తరమున దాదాపు కానరాని దోషము బడికి పోయిన మనుమలలో సగమునకు మించి కనబడెను. రెండు తరములలో రక్తము మారునా?

2008లో వెలువడిన లెక్క మరింత విచిత్రము. చైనా సంతతివారే యైన ఆరేడేండ్ల పిల్లలలో ఈ దోషము సింగపూరున నూటికి 29 మందికి ఉండగా, సిడ్నీలో ముగ్గురికి మాత్రమే యుండెను. పుస్తకములెక్కువ చదివినవారు సిడ్నీ పిల్లలే! అయితే వారు వారమునకు పదమూడు గంటలకు పైగా ఆరుబయట గడపిరి. సింగపూరువారికి దక్కినది మూడు గంటలే. 2015లో ప్రకటితమైన గ్వాంగ్‌జౌ పరీక్షలో దినమునకు 40 నిమిషములు అదనముగా బయటికి పంపిన పిల్లలలో, మూడేండ్లలో నూటికి 30 మందికి దోషము వచ్చెను. పంపని బడులలో 40 మందికి వచ్చెను. నాలుగుగోడల నడుమ ఆడు ఆట యీ ఫలము నీయదు, కావలసినది వెలుతురు. గదిలో కొన్ని వందల లక్సులే యుండును, బయట పగటి కాంతి పదివేలు దాటును. ఆ కాంతికి నేత్రపటలమున డోపమైను స్రవించి కనుగ్రుడ్డు పెరుగుదలను నిలువరించునని కోడిపిల్లలపై చేసిన పరీక్షలు సూచించుచున్నవి.

ఇంతమాత్రమున పుస్తకము పూర్తిగా నిర్దోషి యనరాదు. చదివిన యేండ్లు పెరిగిన కొలది దోషము పెరుగునని 2018లో బ్రిటనులో చేసిన పరిశోధన తెల్పినది. వంశమునకును పాలు గలదు. పగటి వెలుతురు మాత్రము ఇన్నాళ్లు సాక్షిగా పిలువబడలేదు.

ఇక కళ్లజోడు మాట. 2002లో వెలువడిన మలేషియా పరీక్షలో, కావలసినదానికంటె తక్కువ పవరు జోడు నిచ్చిన పిల్లలకే దోషము వేగముగా పెరిగినది. పొడవైన కనుగ్రుడ్డు ఎండకు తిరిగి కుంచించుకొనదు. కావున దోషము వచ్చిన బాలునకు సరియైన జోడు జాగు సేయక కొనవలసినదే. వాని తమ్మునికి, చెల్లెలికి పుస్తకము చేతికిచ్చి, సాయంకాలము వేపచెట్టు క్రింది అరుగు మీదికి పంపవచ్చును.