పరిశోధకునికి పల్లె వేయు ప్రశ్న

విజ్ఞానశాస్త్రమును తెలుగున బోధించుటకే జీవితమును ధారవోసిన ఒక ఉపాధ్యాయుని పేర జరుగు ఈ ఉపన్యాసమునకు, యువశాస్త్రజ్ఞులు తమ పరిశోధనమును సామాన్యులకు తెలియజెప్పుటలో పొందవలసిన శిక్షణమును విషయముగా గైకొన్నాను. అందులకు మార్కాపురముకంటె తగిన తావు నాకు తోచలేదు.

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు అధికమైనచో దంతములు గారపట్టుటయే గాక వెన్నెముకయు కీళ్లును బిగిసి మనుష్యుడు వంగిపోవునని ఇండియన్ మెడికల్ గెజెటున ప్రకటించిరి. నేడు మన పొరుగుననున్న పొదిలి, కనిగిరి ప్రాంతములు అప్పుడు ఆ జిల్లాలోనివే; కర్నూలులోనుండిన మార్కాపురము, గిద్దలూరులతో అవి 1970లో ఒక్క జిల్లాగా కలిసినవి. ఆ పత్రికను చదివినవారు వైద్యులు, ఆ నీటిని త్రాగినవారు రైతుకూలీలు. ఆ నడుమ నుండవలసిన వ్యక్తిని తయారుచేయుట విశ్వవిద్యాలయముల ధర్మమని నా దృఢవిశ్వాసము.

పరిశోధకుడు పల్లెకు వచ్చి, లీటరునకు 1.5 మిల్లీగ్రాములు పరిమితియని చెప్పి, రంగుల పటమును చూపును. అంతయు విని ఒక గృహిణి, "నీళ్లు బాగా మరగబెడితే పోతదా నాయనా?" అని అడుగును. శిక్షణము ఇచ్చట మొదలుకావలెను. కలరా మొదలగు వ్యాధులకు నీటిని కాచి త్రాగుడని వైద్యులు చెప్పగా శ్రద్ధతో ఆచరించిన ఆమె ఊహలో తప్పులేదు. వేడికి క్రిములు చచ్చును. ఫ్లోరైడు ప్రాణి గాదు, నేలలోని రాతినుండి నీట కరిగిన లవణాంశము. ఆవిరియై పోవునది నీరే, గిన్నెలో మిగిలిన నీట ఫ్లోరైడు మరింత చిక్కబడును. ఈ మాటను ముందుగా ఆమె ఊహను మన్నించి, పిదప కారణముతో చెప్పగలిగినవాడే తన శాస్త్రమును ఎఱిగినవాడు. నాగపూరులోని నీరీ సంస్థవారి నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము కలిపి నీటిని తేర్చుదురు. అయితే నీటిని పరీక్షింపక పటిక పరిమాణమును చెప్పరాదనియు, ఒకే ఊరి రెండు బోర్ల నీటికి భేదముండవచ్చుననియు అతడు దాచక చెప్పవలెను. తెలిసినదానికి మేరను చెప్పుటయు బోధనమే.

నీటి విషయమున వలెనే రాతి విషయమునను ఈ శిక్షణము అవసరము. ఈ మార్కాపురపు పలకలపై ఎందరో అక్షరములు దిద్దిరి. ఆ రాతిని కోయునప్పుడు లేచు ధూళిలో కంటికి కానరానంత సన్నని సిలికా రేణువులే ఊపిరితిత్తుల లోతునకు చేరుననియు, నీరు పోయుచు కోసినచో దుమ్ము చాలవరకు అణగుననియు పరిశోధకుడు కార్మికునికి మిషను ప్రక్కన నిలిచి చెప్పవలెను.

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి మనకు తెలుగు శాస్త్రరచనకు మార్గము చూపినది. 2018లో కేంద్ర శాస్త్రసాంకేతిక విభాగము పరిశోధకుల జనరంజక రచనలకు బహుమానములిచ్చు 'అవసర్' పథకమును ప్రారంభించినది. రెండును శ్లాఘ్యములే. కాని వ్రాసినవానిని పాఠకుడు మధ్యలో ఆపి అడుగలేడు. రచ్చబండ వద్ద శ్రోత అడుగును, అడిగి తీరవలెను.

కావున విశ్వవిద్యాలయాధికారులకు నా విన్నపమిది: పరిశోధకులు నీటినో మట్టినో ఏ ఊరినుండి సేకరించిరో ఆ ఊరిలో తెలుగున ఒక పూట మాటలాడి, అచటివారు వేసిన ప్రశ్నలను, తామిచ్చిన సమాధానములను అనుబంధముగా చేర్చినపిమ్మటనే వారి సిద్ధాంతగ్రంథమును స్వీకరింపుడు. వచ్చు విద్యాసంవత్సరమునుండియే ఈ నియమమును అమలుపరుపుడు.